తెర వెనుకటి మాట

నా చిన్నతనమున మా మేనత్త చెయ్యి పట్టుకొని ఒక రిజిస్ట్రారు కచేరీకి పోయిన దినము నాకిప్పటికిని కన్నులకు గట్టినట్లున్నది. వైధవ్యము ప్రాప్తించిన యేడాదికి, మఱదులు కోరిన ప్రకారము, ఆమె తన భాగపు భూమికి సంబంధించిన యేదో కాగితముపై నిశానీ వేయవలసియుండెను. దస్తావేజు లేఖరి గుక్క తిప్పుకొనక చదివెను. తూర్పు పడమరల హద్దులు, సర్వే నంబర్లు, సర్వహక్కులు, వారసులు, ఆక్షేపణలు, అన్నియు ఒక్క ప్రవాహముగ సాగి, చదివించుకొని విని సమ్మతించితినను మాటతో ముగిసెను. ఎవరో ఆమె యెడమచేతి బొటనవ్రేలిని పట్టి, సిరాదిండుపై నద్ది, కాగితముపై నొత్తి విడిచిపెట్టిరి. మా అత్త ఆ వ్రేలిని తలవెండ్రుకలకు తుడుచుకొని, ముసుగు సవరించుకొని, బయటి వేపచెట్టు క్రిందికి వచ్చిన పిమ్మట, రెండవ తరగతి చదువుచున్న నావైపు చూచి, "ఏమిరా నాయనా, అందులో ఏమని వ్రాసినారు?" అని యడిగెను. ఇంటిల్లిపాదిలో ఆమెకు చనువుగ అడుగదగిన చదువరిని నేనొక్కడనే. ఆమె ప్రశ్నకు నాయొద్ద సమాధానము లేకపోయెను.

అనేక సంవత్సరములు గడచిన వెనుక, తొలితరపు న్యాయవాదినియగు కొర్నీలియా సొరాబ్జీ తన స్వీయచరిత్రమగు 'ఇండియా కాలింగ్'లో చెప్పికొనిన బాల్యస్మృతి నొకదానిని చదువునప్పుడు ఆ వేపచెట్టు నీడ మరల నా మనసున మెదలెను. పుణెలో వారి యింటికి, ఆస్తినంతయు నమ్మిన కార్యనిర్వాహకునిచేత పోగొట్టుకొనిన గుజరాతీ వితంతువొకతె కొర్నీలియా తల్లిని ఆశ్రయించి వచ్చినదట. కోర్టులున్నవి, వకీళ్లున్నారు, చట్టమున్నది. కాని పరపురుషుని యెదుట నోరు విప్పరాని ఆచారమున పెరిగిన ఆ స్త్రీకి అవియన్నియు ఉండియు లేనివే. అటువంటివారికి సాయపడవలెనన్నచో న్యాయశాస్త్రము చదువుమని తల్లి బిడ్డకు చెప్పెను.

తొలితరపు మహిళా న్యాయవాదుల కథలిప్పుడు నవలలుగ వెలువడుచున్నవి. క్రైస్తవ పాఠకుల కొఱకు వ్రాయబడినవానియందు హత్యయు, విచారణయు, ప్రార్థనయు జమిలిగ నడచి, తుదకు నిండుసభలో సత్యము బయల్పడును. అట్టి కథలు నాకు ప్రియములే. అయినను వానిని మూసి ప్రక్కన పెట్టిన తరువాత నన్ను వీడని ప్రశ్న యొకటున్నది. ఒకరి పక్షమున మరియొకరు మాటలాడుట యనునది యసలెట్లు ధర్మమగును? నా బాధ నాది, నా మాట నాది. దానిని మరియొకని నోట పెట్టినప్పుడు అది నా మాటగనే యుండునా, వాని మాటగ మారునా? వకాలత్నామాపై సంతకము చేయు ప్రతి కక్షిదారునకును ఈ ప్రశ్న కలదు. మనుష్యులందఱి పక్షమునను దేవునియెదుట ఒకడు నిలిచియున్నాడని నమ్ము క్రైస్తవునకు ఇది మరింత లోతైనది. కొర్నీలియా జీవితమును నేనీ ప్రశ్న వెలుతురులోనే చదివితిని.

ఆమె 1866 నవంబరు 15న నాసికున జన్మించెను. తండ్రి సొరాబ్జీ ఖర్సేట్జీ పారసీక కుటుంబమున బుట్టి, యౌవనమున క్రీస్తును నమ్మి, అందుకై స్వజనుల యాగ్రహమునకు గురియైన బోధకుడు. తల్లి ఫ్రాన్సీనా ఆంగ్లదంపతుల పెంపకమున పెరిగిన భారతీయ స్త్రీ. పుణెలో పాఠశాలలు నడపిన కార్యశీల. కొర్నీలియా దక్కను కళాశాలలో చదివి, బొంబాయి విశ్వవిద్యాలయమున పట్టభద్రురాలైన ప్రథమ మహిళ యయ్యెను. ఆంగ్లదేశమున పైచదువునకు సర్కారు విద్యార్థివేతనమునకు అర్హత సంపాదించియు, స్త్రీ యను కారణమున దానిని పొందజాలక, అహమ్మదాబాదులో గుజరాతు కళాశాలయందు మగపిల్లలకు ఆంగ్లసాహిత్యము బోధించి, మిత్రులు చందాలు పోగుచేసిన ధనముతో 1889లో ఆక్స్‌ఫర్డు చేరెను. అచ్చట 1892లో పౌర న్యాయశాస్త్ర పరీక్షకు పురుషులతో గూడ కూర్చుండుటకు విశ్వవిద్యాలయము ఆమెకు ప్రత్యేకముగ అనుమతి నీయవలసివచ్చెను. ఆమె పరీక్ష వ్రాసెను. ఉత్తీర్ణురాలయ్యెను. పట్టము మాత్రము చేతికి వచ్చినది 1922లో, ముప్పది సంవత్సరములకు.

ఆమె తిరిగివచ్చిన దేశమున, తెరచాటున నుండు స్త్రీలను మన సర్కారు జిల్లాలలో ఘోషా స్త్రీలనియు, ఉత్తరదేశమున పర్దానషీనులనియు పిలిచెడివారు. వీరి విషయమున ఆనాటి న్యాయశాస్త్రము కొంత దయ చూపినదనుట సత్యము. బహిరంగముగ కనబడరాని ఆచారము గల స్త్రీలను సివిలు వ్యవహారములలో స్వయముగ కోర్టున హాజరు కావలెనని నిర్బంధింపరాదని 1908 నాటి సివిలు ప్రొసీజరు కోడు 132వ సెక్షను చెప్పుచున్నది. అటువంటి స్త్రీచేత దస్తావేజు వ్రాయించుకొనినవాడు, అది ఆమెకు చదివి వినిపింపబడినదనియు, దాని ఫలితము ఆమెకు బోధపడినదనియు తానే ఋజువు చేసికొనవలెనని ప్రీవీ కౌన్సిలు తీర్పులు నిర్ణయించినవి. వేలిముద్ర చాలదు, ఆ వ్రేలి వెనుకటి మనస్సు కావలెనని దీని భావము. ఎంత ఉదాత్తమైన న్యాయసూత్రము! మా అత్త నిశానీ వేసిన నాడు ఈ సూత్రము ఆ కచేరీలో ఎవరికైనను జ్ఞప్తికి వచ్చియుండినచో ఎంత బాగుండెడిది!

కాని సూత్రమునకును తెరకును నడుమ ఒక జానెడు చీకటి మిగిలియున్నది. తెర కీవల వకీలు కూర్చుండును, ఆవల స్త్రీ కూర్చుండును. కాగితము తెర క్రిందినుండి లోనికి పోవును, ముద్ర పడి వెలుపలికి వచ్చును. ముద్ర వేసినది ఆమెయా, దాసియా? "అర్థమైన"దని పలికిన కంఠము ఆమెదా, ఆమె వెనుక నిలిచిన ఆడుబిడ్డదా? అర్థమైనదనుట అర్థమైయేనా, భయముచేతనా? తెర తొలగించి చూచు హక్కు ఏ పురుషునకును లేదు. ఈ చీకటిలోనికి ప్రవేశింపగల న్యాయవేత్త స్త్రీయే కావలెనని కొర్నీలియా గ్రహించెను. 1902 మొదలు ఇండియా ఆఫీసునకు విన్నపములు పంపి, 1904లో బెంగాలు కోర్టు ఆఫ్ వార్డ్సునకు సలహాదారుగ నియుక్తురాలయ్యెను. వారసుడు బాలుడైనప్పుడును, యజమానురాలు ఎస్టేటు నడపజాలని స్త్రీ యని యెంచబడినప్పుడును, సర్కారే ఆ జమీందారీ నిర్వహణమును చేపట్టుచుండిన ఈ ఏర్పాటు మన తెలుగు జమీందారీలకును కొత్తది కాకుండెను.

ఇరువది సంవత్సరముల పాటు బెంగాలు, బీహారు, ఒరిస్సా, అస్సాము ప్రాంతములలో రైలుపైనను, పడవపైనను, పల్లకిలోను ప్రయాణము చేసి, ఆరువందల మందికి పైబడిన స్త్రీలకును, బాలలకును ఆమె అండయైనట్లు చెప్పుదురు. మనోవర్తి చెల్లింపులు, దత్తత తగవులు, పిల్లల చదువులు, వారసుడగు పసివానికి విషము పెట్టుదురేమో యను భయములు, ఇవి ఆమె నిత్యకృత్యములు. ఆమె అంతఃపురములలో నేలపై కూర్చుండి, గంటలకొలది వినెను. న్యాయవాది కళయంతయు వాగ్ధాటియందున్నదని మనము తలంతుము. ఆమె కళ వినుటయందుండినది. తాను క్రైస్తవురాలయ్యు, ఆ స్త్రీల పూజలను, వ్రతములను, ముగ్ధభక్తిని ఆమె తన పుస్తకములయందు ఆదరముతో వర్ణించెను. పొరుగువాని కాపదలో తోడ్పడుటకు పొరుగువాని మతము అడ్డు కాదని దారిప్రక్క గాయపడిన వానిని చేరదీసిన సమరయుని కథ చెప్పిన ప్రభువును నమ్మిన స్త్రీకి, దీనిని ప్రత్యేకముగ ఎవరును నేర్పనక్కరలేదు.

ఇచ్చట తెలుగు బైబిలునందలి ఒక పదమును గూర్చి చెప్పవలసియున్నది. గ్రీకు మూలమున 'పరాక్లేతోస్' అను మాట కలదు. ప్రక్కకు పిలువబడినవాడు, తోడుగ వచ్చి నిలుచువాడు అని దాని యర్థము. మన అనువాదకులు యోహాను సువార్తలో దీనిని ఆదరణకర్త యనిరి. అదే యోహాను మొదటి పత్రికలో, పాపము చేసినవాని పక్షమున తండ్రియొద్ద నున్న క్రీస్తును చెప్పుచోట, ఉత్తరవాది యనిరి. ఈ రెండవ పదము నన్ను చిరకాలము ఆలోచింపజేసినది. మన ధర్మశాస్త్రములు వ్యవహారమునకు నాలుగు పాదములు చెప్పినవి: పూర్వపక్షము, ఉత్తరము, క్రియ, నిర్ణయము. వాది చేసిన యభియోగమునకు ప్రతివాది యిచ్చు సమాధానమే ఉత్తరము. కావున ఉత్తరవాది యన్నచో, ఆ పరిభాషలో, వకీలు కాదు. బోనులో నిలిచిన ప్రతివాదియే. లోకవ్యవహారమున ఉత్తరవాది యన్నచో జవాబుదారి, పూచీ వహించినవాడు. అనువాదకులు ఎఱిగి చేసిరో, ఎఱుగక చేసిరో, ఒకరి పక్షమున మాటలాడువానికిని, ఆ నేరమునకు తానే జవాబు చెప్పవలసినవానికిని తెలుగులో ఒక్కటే పేరు పెట్టిరి. క్రైస్తవ ధర్మమున మధ్యవర్తిత్వ మననేమో యెవరైన నన్నడిగినచో, ఈ ఒక్క మాటను చూపి యూరకుందును. హెబ్రీయులకు వ్రాసిన పత్రికలో క్రీస్తును పూటకాపు అన్నదియు ఇందుకే. ఇతరుని యప్పునకు పూట పడినవాడు, ఆ యితరుడు తీర్పనినాడు తన గడపలోనిది తెచ్చి యీయవలసినవాడు.

పాతనిబంధనయందు దీనికి తొలి యుదాహరణము యూదా. ఐగుప్తున, తమ సోదరుడని యెఱుగక, యోసేపు నెదుట నిలిచి బెన్యామీను కొఱకు అతడు చేసిన వాదము ఏ న్యాయస్థానమునందైనను వినదగినది. అందు చట్టము లేదు, సాక్ష్యము లేదు. చిన్నవానికి బదులు నన్ను బానిసగ ఉంచుకొనుమను ఒక్క ప్రార్థనలో ఆ వాదమంతయు ఇమిడియున్నది. పూర్వము ఒక తమ్ముని అమ్మివేయుమని చెప్పిన నోరే ఇప్పుడు మరియొక తమ్మునికి మారుగ తనను ఇచ్చివేయుచున్నది.

స్త్రీల విషయమున గ్రంథము చెప్పునది మరింత సూక్ష్మము. సెలోపెహాదునకు కుమారులు లేరు. మహలా, నోయా, హొగ్లా, మిల్కా, తిర్సా యను అతని కుమార్తెలైదుగురు ప్రత్యక్షపు గుడారము ద్వారమున మోషే యెదుటను, యాజకుని యెదుటను, సమాజమంతటి యెదుటను స్వయముగ నిలిచి, తండ్రి స్వాస్థ్యము తమకేల రాకూడదని ప్రశ్నించిరి. వారికి వకీలు లేడు. మోషే తాను తీర్పు చెప్పక దేవుని నడుగగా, వారి మాట న్యాయమేయని సమాధానము వచ్చెను. ఇది సంఖ్యాకాండము ఇరువదియేడవ అధ్యాయము. ముప్పదియాఱవ అధ్యాయమున గోత్రపు పెద్దలు వచ్చి, ఆ కన్యలు పరగోత్రమున పెండ్లాడినచో భూమి చేజారునని మొఱపెట్టి, వారి వివాహమునకు హద్దు విధింపజేసిరి. ఈ రెండవసారి ఆ యైదుగురి నోట ఒక్క మాటయు వ్రాయబడలేదు. రెండధ్యాయములును నేను వెంటవెంటనే చదువునప్పుడు, రెండవదాని నిశ్శబ్దము నాకు మొదటిదాని ధ్వనికంటె బిగ్గరగ వినబడును.

రూతు కథలోను బేత్లెహేము పురద్వారమున పదిమంది పెద్దల నడుమ బోయజు కూర్చుండి, నయోమి పొలమును, రూతు జీవితమును నిర్ణయించెను. చెప్పు విప్పి యిచ్చుటతో వ్యవహారము స్థిరపడెను. ఆ సభలో రూతు లేదు. అయినను ఆమె మాట అచ్చట వినబడినదనియే నా యభిప్రాయము. అంతకుముందు రాత్రి, కళ్లములో, ఆమెయే ముందుగ వచ్చి తనకేమి కావలెనో అడిగెను. అతడు తెల్లవాఱి పురద్వారమున పలికినది ఆమె రాత్రి యడిగిన మాటనే. గోత్రపు పెద్దలకును బోయజునకును గల భేదమంతయు ఇచ్చటనే యున్నది.

స్త్రీలను న్యాయవాదవృత్తినుండి దూరముంచినవారు తఱచు దేవునే సాక్షిగ పిలిచిరి. అమెరికాలో ఇల్లినాయి రాష్ట్రపు మైరా బ్రాడ్‌వెల్ లైసెన్సు కోరినప్పుడు, 1873లో సుప్రీముకోర్టు త్రోసిపుచ్చెను. జస్టిస్ బ్రాడ్లీ తన ప్రత్యేకాభిప్రాయమున, స్త్రీ ధర్మము భార్యాత్వము మాతృత్వమేననియు, అది సృష్టికర్త శాసనమనియు భావము వచ్చునట్లు వ్రాసెను. కొన్నేండ్లకు విస్కాన్సినులో, బానిసత్వ నిర్మూలనోద్యమమున పాటుపడిన భక్తిపరుని కుమార్తె లావీనియా గూడెలునకు ఆ రాష్ట్రపు సర్వోన్నత న్యాయస్థానము ప్రకృతిధర్మము పేర అడ్డు చెప్పెను. మన దేశమున దేవుని పేరు వాడలేదు, వ్యాకరణమును వాడిరి. పుంలింగ పదము స్త్రీకిని వర్తించునని జనరల్ క్లాజెస్ చట్టము చెప్పుచున్నను, 1916లో రెజీనా గుహ విషయమున కలకత్తా హైకోర్టును, 1921లో సుధాంశుబాలా హాజ్రా విషయమున పాట్నా హైకోర్టును, లీగల్ ప్రాక్టీషనర్స్ చట్టమున 'అతడు' అన్నచోట 'ఆమె' ఇమడదని తీర్పు చెప్పినవి. అదే 1921లో అలహాబాదు హైకోర్టు కొర్నీలియాను వకీలుగ చేర్చుకొనెను. 1923లో ప్రత్యేక చట్టము వచ్చి ద్వారములు తెఱచినది. సృష్టికర్త శాసనమును ఉదాహరించిన న్యాయమూర్తి సంఖ్యాకాండము ఇరువదియేడవ అధ్యాయము చదివియే యుండును. ఐదుగురు కన్యలు సభలో నిలిచి వాదించినప్పుడు సృష్టికర్త వారినేమియు గద్దింపలేదని ఆ ఘడియలో ఆయనకు తోచకపోవుట నాకు దుఃఖము కలిగించును.

కొర్నీలియాను ఇంతగ గౌరవించియు, ఆమె పొరపాటును దాచిపెట్టజాలను. తెర వెనుక ఒక్కొక్క స్త్రీ మాటను అంత ఓర్పుతో వినిన యామె, కాలక్రమమున ఆ స్త్రీలందఱి పక్షమున, వారడుగకయే, మాటలాడసాగెను. వారు స్వరాజ్యమునకు సిద్ధముగ లేరనెను. ఆంగ్లప్రభుత్వమే వారికి రక్ష యని నమ్మెను. 1927లో క్యాథరిన్ మేయో 'మదర్ ఇండియా' యను పుస్తకము వ్రాసి దేశమంతటిని కించపఱచినప్పుడు, కొర్నీలియా దానిని సమర్థించి, తోడి భారతీయ స్త్రీలనేకుల యభిమానమును పోగొట్టుకొనెను. ఆమె చూచిన బాధలు అబద్ధములు కావు. నాకందు సంశయము లేదు. కాని ఒక వితంతువు తన చెవిలో చెప్పికొనిన దుఃఖమును, ఆమె యనుమతి లేకయే, ఒక జాతిపై నేరారోపణ పత్రముగ మార్చుటకు వకాలత్నామా ఎవరిచ్చిరి? కళ్లములో అడిగినవారు లేకయే పురద్వారమున పలికిన పలుకది.

ఈ సందర్భమున మన దుర్గాబాయి నాకు జ్ఞప్తికి వచ్చును. 1909లో రాజమహేంద్రవరమున జన్మించిన ఆమె, ఉప్పు సత్యాగ్రహమున చెఱసాలకు పోయి, అచ్చట తోడి ఖైదీలైన స్త్రీలు చట్టమెఱుగని యజ్ఞానముచేత ఎట్లు శిక్షలపాలైరో వారి నోటనే విని, న్యాయశాస్త్రము చదువ నిశ్చయించుకొని, 1942లో పట్టము పొంది మదరాసు హైకోర్టున న్యాయవాదిని యయ్యెను. ఆమె క్రైస్తవురాలు కాదు. అయినను ఉత్తరవాది యను మాటకు నేను పైన చెప్పిన రెండర్థములును ఆమెయందు కలిసినవి. వారున్న గదిలోనే తానును ఖైదీయై, వారు తినిన కూడే తిని, పిమ్మట వారి పక్షమున లేచి నిలిచెను. కొర్నీలియాకు ఆ గది యెన్నడును లభింపలేదు. తెరకు ఆవలి వైపునకు పోగలిగినను ఆమె సర్కారు ఉద్యోగినిగనే పోయెను, సాయంకాలమునకు వెలుపలికి వచ్చెను.

అయినను ఆమె తుది యుద్యోగకాలమును తలచుకొనునప్పుడు నా విమర్శ మెత్తబడును. 1923లో లింకన్స్ ఇన్ ద్వారా బారిస్టరై, మరుసటి యేట కలకత్తా హైకోర్టున ప్రాక్టీసు ప్రారంభించునాటికి ఆమెకు ఏబదియేడేండ్లు నిండినవి. బారిస్టరుగ వాదించు హక్కు జీవితమున తొలిసారి చేతికి వచ్చినది. బల్లపై కాగితములున్నవి, మెడలో తెల్లపట్టీలున్నవి. కాని తోడి వకీళ్ల యనాదరణచేత ఆమెకు ఎక్కువగ దక్కినది దావాలపై అభిప్రాయపత్రములు వ్రాసి యిచ్చు పనియే. 1929లో విరమించుకొని లండనున స్థిరపడువఱకు ఆమె ఆ పనినే చేసెను. గదిలో కూర్చుండి ఆమె వ్రాసిన కాగితము వెలుపలికి పోవును. నిండుకోర్టులో దానిని పురుషుడొకడు లేచి, తన కంఠముతో చదువును.